కొత్త నవలల్లో మన ఊళ్లు: అచ్చుకు ముందు చూడాల్సిన లెక్కలు

సంపాదకులకు నమస్కారం.

ఈ మధ్య మీ సాహిత్య పేజీలో కొత్త నవలల పరిచయాలు వరుసగా వస్తున్నాయి. నల్లగొండ, పాలమూరు పల్లెల మీద ఇన్ని నవలలు ఒకదాని వెంట ఒకటి రావడం మా వైపు పాఠకులకు పెద్ద సంతోషం. వలస, ఫ్లోరైడ్, బోరుబావులు, ప్రాజెక్టుల్లో మునిగిన ఊళ్లు, రోడ్డు పక్క చెలకలు ప్లాట్లయిపోవడం, ఇదంతా నవలలోకి రావాల్సిన బతుకే, వచ్చింది. కానీ మీరు వేసే పరిచయాలు చదివితే ఆ నవల నిలబడిందా లేదా అన్నది మాత్రం తెలియడం లేదు. 'మట్టివాసన', 'గుండె తడి', 'బతుకు చిత్రం' అనే మాటలు ఏ నవలకు అంటించినా అంటుకుంటాయి. పేజీ నంబరు వేసి, ఫలానా ఘట్టం ఎందుకు బాగుందో, ఫలానాది ఎక్కడ చెడిందో చెప్పిన పరిచయం అరుదుగా కనపడుతుంది.

నవలల పేర్లు, రచయితల పేర్లు ఈ ఉత్తరంలో రాయడం లేదు. ఇక్కడ చెప్పబోయేవి ఒక్క పుస్తకంలోని పొరపాట్లు కావు, ఈ నాలుగైదేళ్లలో వచ్చిన చాలా నవలల్లో మళ్లీ మళ్లీ కనపడేవి. రాసినవాళ్లు చూస్తే ఎవరిది వాళ్లకు తెలుస్తుంది. నా అభిప్రాయం ఒక్కటే: మన నవలాకారులకు వస్తువు కొరత లేదు, భాష కొరత లేదు. రాతప్రతి పూర్తయ్యాక, ప్రెస్సుకు పోకముందు జరగాల్సిన తనిఖీ జరగడం లేదు. దానివల్ల మంచి నవల కూడా ఊరు తెలిసిన పాఠకుడి ముందు తలవంచుకోవాల్సి వస్తున్నది.

ముందు బాగున్నవి చెప్పాలి. వలస నవలల్లో ఇప్పటివాళ్లు బాగా పట్టుకున్నది అడ్వాన్సు లెక్క. పాత కథల్లో గుంపు మేస్త్రీ అంటే ఒట్టి దుర్మార్గుడు. ఇప్పుడు అతన్ని కూడా ఆ ఊరి మనిషిగానే చూపిస్తున్నారు. అతనూ పైన కాంట్రాక్టరు దగ్గర డబ్బు తెచ్చినవాడే. దసరా ముందర ఇంటింటికీ తిరిగి అడ్వాన్సు పంచుతాడు, నోటుబుక్కులో పేరు రాసుకొని వేలిముద్రో సంతకమో తీసుకుంటాడు. పని జాగాలో తిండిఖర్చు, జ్వరమొస్తే మందుల ఖర్చు, నాగాలు పడ్డ రోజులు అన్నీ ఆ బుక్కులోనే కోత పడతాయి. ఉగాదికి లెక్క చూస్తే కూలివాడి మీదనే బాకీ తేలుతుంది. బాకీ తీరదు కనుక వచ్చే ఏడు మళ్లీ అదే మేస్త్రీ వెంట పోవాలి. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లో వచ్చింది, అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లో వచ్చింది. చట్టాలు పుస్తకాల్లో ఉండగానే మనిషి ఎట్లా కట్టుబడిపోయిండో చెప్పడానికి ఆ నోటుబుక్కు చాలు, ఉపన్యాసం అక్కర్లేదు. ఈ సంగతి తెలిసి రాసిన చోట నవల పేజీ పేజీకి బిగుస్తుంది.

అదే నవలల్లో వలస ఎప్పుడు పోతారన్న దగ్గర తప్పు పడుతున్నది. మృగశిర చినుకులు పడుతుండగా మూటా ముల్లె సర్దుకొని బొంబాయి బస్సెక్కుతున్నట్టు రాస్తున్నారు. పాలమూరు కూలి ఆ రోజుల్లో ఇంటికి వస్తాడు, పోడు. రెండెకరాల చెలక ఉన్నవాడికి విత్తనం వేసే పొద్దు అదే. పునాస పంట చూసుకొని, పండుగ చేసుకొని, దసరా దాటాక పోయి, ఎండాకాలం చివర్లో తిరిగి రావడం పాత పద్ధతి. ఏళ్లకేళ్లు అక్కడనే ఉండిపోయిన కుటుంబాలు వేరే ఉన్నాయి. ఆ కుటుంబం కథ అయితే ఆ మాట ముందే చెప్పాలి. వానల్లో బస్సు దృశ్యం కన్నీళ్లు పెట్టిస్తుందని వేస్తే, పాలమూరు పాఠకుడికి ఆ పేజీలోనే నమ్మకం పోతుంది.

ఇక కాలం. ఎక్కువ నవలలు చెడుతున్నది ఇక్కడే, సరిచేసుకోవడానికి అన్నిటికంటే సులువైనదీ ఇదే.

నవల మూడు తరాల కథ అయితే రచయిత దగ్గర ఒక కాగితం ఉండి తీరాలి. ఎడమ పక్క సంవత్సరాలు నిలువుగా రాసుకోవాలి. పైన అడ్డంగా ముఖ్యపాత్రల పేర్లు. ఒక్కో గడిలో ఆ ఏడు ఆ మనిషి వయసు. చివరి రెండు గడుల్లో ఆ ఏడు ఊళ్లో అధికారం ఎవరిది, చేలో పంట ఏది. ఒక పూట పని ఇది. ఈ కాగితం లేకపోతే ఏమవుతుందంటే, 1948 పోలీసు చర్య నాడు పదేళ్ల పిల్లవాడు 2018లో రైతుబంధు చెక్కు తీసుకుంటూ యాభై ఏళ్ల మనిషిలా అరకదున్నుతాడు. లెక్క కడితే అతనికి అప్పటికి ఎనభై ఏళ్లు. రచయిత మనసులో ఆ మనిషికి ఒక వయసు అతుక్కుపోయి, చుట్టూ లోకం మారినా అతను మారడు.

అధికారుల పేర్లు కూడా అట్లనే. 1990లో పట్వారీ పహాణి రాసిచ్చినట్టు ఉంటే అది తప్పు. పటేల్, పట్వారీ వ్యవస్థను 1984లోనే రద్దు చేశారు. ఆ తర్వాత గ్రామ పరిపాలనాధికారులు, వాళ్ల తర్వాత వీఆర్వోలు, 2020లో వీఆర్వోల రద్దు, భూమి రికార్డులను కంప్యూటర్‌లో చూపించిన ధరణి. భూమి తగాదా మీద రాసే నవలకు ఇదే వెన్నెముక. పట్వారీకి దండం పెట్టడం వేరు, వీఆర్వో ఆఫీసు ముందు నిలబడటం వేరు, కంప్యూటర్ తెర మీద పేరు కనపడకపోవడం వేరు. భయం మూడు చోట్లా మూడు రకాలు. వాటిని కలిపేస్తే కథలోని బలం పోతుంది. ఊళ్లో పాత మనుషులు అలవాటుకొద్దీ వీఆర్వోను 'పట్వారీ' అనే పిలిచారు, నిజమే. పాత్ర నోట ఆ మాట వస్తే తప్పు లేదు, రచయిత కథనంలో రాకూడదు.

మండలాలు 1985లో వచ్చాయి. అంతకు ముందు తాలూకాలు, సమితులు. 1975లో జరిగే కథలో 'మండల ఆఫీసుకు పోయిండు' అని ఉండకూడదు. జిల్లాలు 2016 అక్టోబరులో విడిపోయాయి, నారాయణపేట 2019 ఫిబ్రవరిలో జిల్లా అయింది. 2016కు ముందు కథలో వనపర్తి కలెక్టరు, సూర్యాపేట కలెక్టరు ఉండరు. పత్తి విషయంలో ఇంకో పొరపాటు చూస్తున్నాం. బీటీ పత్తికి మన దేశంలో అనుమతి వచ్చింది 2002లో. తొంభైల్లో జరిగే కథలో బీటీ విత్తనాల ప్యాకెట్టు రాకూడదు. ఆ కాలపు పత్తి రైతు కథ అసలు పురుగుమందు డబ్బాల కథ. కాయతొలుచు పురుగు మీద మందు మీద మందు కొట్టి, ఆ మందు బాకీలోనే మునిగినవాడి కథ. బీటీ ముందుకు జరిపితే ఆ డబ్బాలకు కారణమే లేకుండా పోతుంది.

నిజాం కాలం మీద రాసేవాళ్లకు డబ్బు లెక్క ఇంకా జాగ్రత్తగా కావాలి. అప్పుడు నడిచింది హాలి సిక్కా, అంటే నిజాం రాజ్యపు సొంత నాణెం. రూపాయికి పదహారు అణాలు. రూపాయికి నూరు పైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1 నుంచి. 1946లో సంగం (ఆంధ్ర మహాసభ) సభకు పోయిన పిల్లవాడి చేతిలో 'పది పైసలు' ఉండే వీలు లేదు. ఆ నాటి దస్తావేజు ఏదైనా నవలలో పెడితే తారీఖు ఫసలీలో, అంటే అప్పటి సర్కారు శిస్తు లెక్కల సంవత్సరంలో ఉంటుంది. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1350 అంటే 1940-41. పాత కాగితం మీది సంఖ్యను అట్లనే తీసుకొని వందల ఏళ్ల కిందటి దస్తావేజు అని రాస్తే కథ కాలమే తలకిందులవుతుంది.

ప్రాజెక్టులూ అంతే. నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన 1955 డిసెంబరులో జరిగింది. కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో. మధ్య పన్నెండేళ్లు రాళ్లు మోసిన కాలం. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి పొలాల కథను 1960లోనే ఎడమ కాలువ నీళ్లతో మొదలుపెట్టకూడదు. ఆ కాలువ అందని దేవరకొండ, మునుగోడు చెలకలను ఆయకట్టుగా చూపించడం ఇంకా పెద్ద పొరపాటు. ఒకే జిల్లాలో ఒక పక్క రెండు పంటల వరి, ఇంకో పక్క తాగే నీళ్లకే కరువు. నల్లగొండ నవల అంటే ఈ రెండింటి మధ్య దూరమే. శ్రీశైలం జలాశయంలో మునిగిన కొల్లాపూర్, అలంపూర్ వైపు ఊళ్ల మీద రాసేవాళ్లు గుడి సంగతి చూసుకోవాలి. సోమశిల గుడులనూ, కూడలి సంగమేశ్వరాలయాన్నీ రాయి రాయి విప్పి వేరే చోట కట్టారు. ఆ కూడలి గుడి నీళ్లలోనే ఉండిపోయినట్టు రాస్తే, ఇప్పుడు అలంపూర్ పోయి చూసి వచ్చిన ప్రతి పాఠకుడూ పుస్తకం మూస్తాడు. రాళ్లకు నంబర్లు వేసి గుడిని తరలించిన ప్రభుత్వం, మనుషులను ఎట్లా తరలించిందన్నది అక్కడ అడగాల్సిన ప్రశ్న. దాన్ని పట్టుకున్న నవల ఇంకా పూర్తిగా రాలేదని నా అభిప్రాయం.

సేద్యం పని దగ్గరికి వస్తే, వరి తెలిసిన రచయితలు మెట్టపంటలను కూడా వరిలాగే రాస్తున్నారు. ఆముదం చేను ఒక్క రోజులో 'కోతకు వచ్చింది' అంటారు. ఆముదం అట్లా రాదు. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో విత్తితే తొలి గెల పక్వానికి వచ్చేసరికి మూడు నెలలు దాటుతుంది. అక్కడి నుంచి గెల వెంట గెల, ఇరవై ఐదు ముప్పై రోజులకోసారి తెంపుతూ పోవాలి. కాయ పూర్తిగా ఎండేదాకా ఆగితే చేలోనే పగిలి గింజ రాలుతుంది, ముందే తెంపితే గింజ తేలిపోతుంది. తెంపిన గెలలు కల్లంలో ఎండబెట్టి కొట్టాలి. ఆముదం సేద్యంలో చేతికి డబ్బు ఒక్కసారిగా రాదు, విడతలుగా వస్తుంది. అప్పు తీర్చే పద్ధతి, పెండ్లి ముహూర్తం పెట్టుకునే పద్ధతి దాన్నిబట్టే ఉంటాయి. పంట తీరు తెలిస్తే కథ నడక కూడా మారుతుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. పత్తి కూడా ఒక్కసారి ఏరేది కాదు, మూడు నాలుగు ఏరుళ్లు. వనపర్తి, గద్వాల వైపు యాసంగి పల్లికాయ వానలు వెనకబట్టాక వేసి, సంక్రాంతి తర్వాత పీకుతారు. బతుకమ్మలో మోదుగుపూలు పేర్చిన నవల కూడా చూశాం. మోదుగు పూసేది శివరాత్రి, హోళి నాడు. బతుకమ్మ మొదలయ్యే భాద్రపద అమావాస్యకు దొరికేవి తంగేడు, గునుగు.

ఫ్లోరైడ్ నవలల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఎందుకంటే ఇక్కడ తప్పు రాస్తే అది కథ దగ్గరనే ఆగదు, చదివినవాళ్లు దాన్నే నిజమనుకుంటారు.

పట్నం నుంచి ఫ్లోరైడ్ నీళ్లున్న మర్రిగూడ వైపు కొత్తగా వచ్చిన టీచరుకు ఏడాది తిరక్కముందే పండ్లు గారపట్టినట్టు రాస్తున్నారు. అట్లా జరగదు. పంటి మీద మచ్చలు పడేది పండ్లు తయారయ్యే వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ల లోపు ఆ నీళ్లు తాగిన పిల్లలకు. ముప్పై ఏళ్లకు వచ్చినవాళ్ల పండ్లకు ఆ గార రాదు. వాళ్లకు రాగలిగేది ఎముకల జబ్బు, అదీ ఏళ్ల తరబడి తాగితే. ముందు కీళ్ల నొప్పులు, పొద్దున లేస్తే నడుము పట్టేయడం, తర్వాత మెడ తిప్పలేకపోవడం, వెన్ను గట్టిపడి వంగిపోవడం. కాల్షియం చాలని పిల్లలకైతే కాళ్లు వంకర్లు పోతాయి. నీళ్లు 'చేదుగా, విషం రుచితో' ఉన్నాయని రాయడం ఇంకో పొరపాటు. బోరునీళ్లు ఉప్పగా ఉంటే దానికి వేరే లవణాలు కారణం. ఈ మోతాదులో ఫ్లోరైడ్‌కు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు దొరక్కపోతే ఒకటిన్నర దాకా సర్దుకోవచ్చని మన దేశపు ప్రమాణం. తియ్యటి నీళ్లే అనుకొని ఇష్టంగా తాగిన బావి మనిషిని వంచేసింది. ఆ తియ్యదనం రాస్తే ఎంత బలం! చేదు నీళ్లని రాసి ఆ బలాన్ని చేజేతులా పోగొట్టుకుంటున్నారు.

కాచి తాగితే పోతుందని ఒక డాక్టరు పాత్ర చేత చెప్పించడం ఇంకా ప్రమాదం. కాస్తే సూక్ష్మజీవులు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ మిగిలినదాంట్లో కొంచెం చిక్కబడుతుంది కూడా. ఫ్లోరైడ్ తీసే పద్ధతుల్లో ఒకదానికి మన జిల్లా పేరే ఉంది, 'నల్లగొండ పద్ధతి'. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించింది. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ లెక్క ప్రకారం వేసి, ముందు గట్టిగా, తర్వాత ఓ పది నిమిషాలు మెల్లగా తిప్పాలి. దూది పింజల్లాంటి తెట్టు కట్టి కిందికి దిగుతుంది, దాంతో పాటు ఫ్లోరైడ్ కొంత పోతుంది. గంటసేపు కదలకుండా ఉంచి పైతేట తీసుకోవాలి. ఇంట్లో చేసే బకెట్టుకు నల్లా అడుగున కాకుండా కొన్ని సెంటీమీటర్లు పైకి పెడతారు, అడుగు మడ్డి రాకుండా. ఊళ్లలో ఇది నిలవకపోవడానికి కారణాలు కూడా నవలకు పనికొచ్చేవే. పటిక మోతాదు ఒక్కో బోరుకు ఒక్కో తీరు, రోజూ ఒకరు కొలిచి వేయాలి, మిగిలిన మడ్డి ఎక్కడో పారబోయాలి. పంచాయతీలో ఆ పని ఎవరిదన్న దగ్గర ఆగిపోతుంది. ఒక అధ్యాయం అంతా ఆ బకెట్టు చుట్టూ రాయొచ్చు. మన నవలల్లో ఫ్లోరైడ్ బాధితుడు వంగిన నడుముతో ఒక ఫొటోలాగా వచ్చి పోతున్నాడు గానీ, ఆ ఇంట్లో నీళ్ల పని ఎట్లా సాగుతుందో లేదు.

ఇంకోటి. ఇంటింటికీ నల్లా నీళ్ల పథకం మిషన్ భగీరథ పైలాన్ చౌటుప్పల్‌లో 2015లో వేశారు, తర్వాత ఊళ్లకు కృష్ణ నీళ్లు వచ్చాయి. ఈ మధ్య జరిగే కథలో పిల్లలను నలభై ఏళ్ల కిందటి పిల్లల్లాగే చూపించాలంటే, వాళ్లు ఇంకా బోరునీళ్లే ఎందుకు తాగుతున్నారో రాయాలి. నల్లా రాలేదా, వచ్చి ఆగిందా, వచ్చినా పెద్దవాళ్లకు ఆ రుచి పడలేదా? రచయిత పోయి కనుక్కుంటే ప్రతి దానికీ జవాబు ఊళ్లోనే ఉంటుంది.

బోరు వేసే ఘట్టం దాదాపు ప్రతి రైతు నవలలో ఉంది. చాలావరకు బాగానే రాస్తున్నారు. లోపల్నుంచి ముందు తెల్లటి రాతిపొడి లేస్తుంది, తడి తగిలితే బురద చిమ్ముతుంది, ఆ తర్వాత నీళ్లు. కేసింగు పైప్ మట్టి ఉన్నంతవరకే దించుతారు, కింద ఒట్టి రాయి. నీళ్లను లీటర్లలో కొలవరు, 'ఇంచున్నర పడ్డది' అంటారు. ఎన్ని అడుగులు వేస్తే అన్ని అడుగులకు డబ్బు కాబట్టి, 'ఇంకో యాభై' అన్న మాట దగ్గర ఆ రైతు ముఖం చూపించిన రచయిత పని తెలిసిన రచయిత.

మాటల తీరు గురించి పొడుగ్గా చెప్పను. తెలంగాణ యాస అంతా ఒకటే అనుకొని కరీంనగర్ వైపు 'అచ్చిండు, అస్తడు'లను నాగర్‌కర్నూల్ మనిషి నోట పెడుతున్నారు. మా వైపు 'వచ్చిండు, వస్తడు'. నారాయణపేట, మక్తల్ వైపు కన్నడం కలుస్తుంది, అలంపూర్ వైపు కర్నూలు గాలి, కోదాడ వైపు కృష్ణా అవతలి గాలి. సంభాషణలు అయిపోయాక, ఆ మండలంలో పుట్టి పెరిగిన ఇద్దరికి, ఒకరు ఆడమనిషి అయితే మరీ మంచిది, గట్టిగా చదివి వినిపించాలి. వాళ్లు ఎక్కడ ఆగి ముఖం చిట్లిస్తే అక్కడ గీత పెట్టుకోవాలి. నిఘంటువు చేయలేని పని ఇది. ఇంకో మాట, 'నీ బాంచెన్ దొరా' 1940ల కథలో ఉండాల్సిందే. 2010 కథలో ఎమ్మెల్యే ముందు కూడా అదే అనిపిస్తే మధ్యలో జరిగిన పోరాటాలన్నీ జరగనట్టే లెక్క.

నిర్మాణం విషయంలో నాకు గట్టి అభ్యంతరం ఉంది. రెండు వందల పేజీల నవలలో మొదటి ఎనభై పేజీలు తీరికగా, కమ్మగా నడుస్తాయి. చివరి నలభై పేజీల్లో పదిహేనేళ్లు గడిచిపోతాయి. పోటీల గడువు, పదాల పరిమితి ఒక కారణం. ఉన్న సమస్యలన్నీ ఒక్క నవలలోనే పెట్టాలన్న ఆరాటం ఇంకో కారణం. భూమి తగాదా, వలస, ఫ్లోరైడ్, మద్యం, రియల్ ఎస్టేట్, ప్రేమ పెండ్లి అన్నీ ఒకే ఇంటి మీద పడితే దేనికీ జాగా చాలదు. దీన్ని రచయిత ముందే పట్టుకోవచ్చు. రాతప్రతి పేజీలకు నంబర్లు వేసి, ఒక్కో పాత్ర మొదట కనపడిన పేజీ, చివర కనపడిన పేజీ పక్కపక్కన రాసుకోవాలి. ఐదో పేజీలో వచ్చిన చెల్లెలు తొంభై రెండో పేజీ తర్వాత లేదంటే, ఆమెను మర్చిపోయారన్నమాట. అట్లా మాయమైన చెల్లెళ్లు, మేనత్తలు మన కొత్త నవలల్లో చాలామంది ఉన్నారు. మగపాత్రలు అట్లా మాయం కావు, గమనించండి. ఆడమనిషిని చంపి నవల ముగించడం కూడా అలవాటైపోయింది. పురుగుమందు తాగించడమో బావిలో దూకించడమో తప్ప ముగింపు దొరకదా? అప్పు మిగిలి, మనిషి కూడా మిగిలితే తెల్లారి ఆమె ఏం చేస్తుందన్నది రాయడం కష్టం. ఆ కష్టం పడ్డ ఒకటి రెండు నవలలు మీ పేజీలో పెద్దగా మెప్పు పొందలేదు, అది అన్యాయం.

పుస్తకం తయారీ గురించి కూడా రాయాలి. డీటీపీలో వాడే పాత పద్ధతి అను ఫాంట్లలో కొట్టిన ప్రతిని యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు వత్తులు తప్పిపోతున్నాయి, కొటేషన్ గుర్తులు వేరే అక్షరాలవుతున్నాయి. 'షాద్‌నగర్' 'షాద్నగర్' అవుతుంది, 'మహబూబ్‌నగర్' 'మహబూబ్నగర్' అవుతుంది. పొల్లు అక్షరం తర్వాత కనపడని విరామం ఒకటి ఉండాలి, మార్పిడిలో అది ఎగిరిపోయి, పక్క అక్షరం వత్తై కూర్చుంటుంది. మార్చిన వెంటనే ఊళ్ల పేర్లు, ఉర్దూ మాటలు, ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటి వెతికి సరిచేయాలి. తర్వాత తెర మీద కాదు, కాగితం మీద ప్రూఫు చూడాలి. రాసినవాళ్లే చూస్తే తప్పు కనపడదు, ఉండాల్సిన అక్షరమే కంటికి కనపడుతుంది. ఒకరు మూలప్రతి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫు మీద వేలు పెట్టి చూడటం పాత పద్ధతి, దాన్ని మించింది ఇంకా రాలేదు.

పుస్తకం పదహారు పేజీల ఫారాలుగా అచ్చవుతుంది. 208 పేజీలు పదమూడు ఫారాలు, 224 పేజీలు పద్నాలుగు. కథ 211 దగ్గర ఆగితే మిగిలిన పదమూడు పేజీలు నింపడానికి ముందుమాటలు కూడబెడుతున్నారు. మూడు నాలుగు ముందుమాటలు, ఒక్కోదాంట్లో కథంతా చెప్పేస్తారు. చెప్పేదేదో ఉంటే కథ అయిపోయాక చివర వేయండి. ఆ జాగాలో యాస మాటలకు అర్థాలు, ఊళ్ల పటం, పాత్రల వంశవృక్షం వేస్తే బయటి జిల్లాల పాఠకుడికి ఎంతో ఉపకారం. మూడు వందల పేజీలు దాటిన నవలకు ఒట్టి జిగురు బైండింగు పనికిరాదు. మా ఎండలకు జిగురు బిగిసి పగులుతుంది, రెండో పాఠకుడి చేతికి వచ్చేసరికి పేజీలు ఊడిపోతాయి. ఫారాలను దారంతో కుట్టి అట్ట వేస్తే ధర కొంత పెరిగినా పుస్తకం గ్రంథాలయంలో పది కాలాలు ఉంటుంది.

గ్రంథాలయం అంటే గుర్తొచ్చింది. మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా పోతుంది. నల్లగొండలో ఆంధ్ర సరస్వతీ గ్రంథ నిలయం పుట్టింది 1918లో. దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు తానే మోసుకెళ్లి అమ్మిన వట్టికోట ఆళ్వారుస్వామి ఈ జిల్లావాడే. ఇప్పుడు మన ఊళ్ల మీద వచ్చిన నవల కావాలంటే హైదరాబాద్ పోవాలి, లేకుంటే రచయితకు ఫోన్ చేసి పోస్టులో తెప్పించుకోవాలి. జిల్లా గ్రంథాలయంలోనూ, మండల శాఖల్లోనూ, స్థానిక రచయితల కొత్త నవలలకు ఒక అర కేటాయించమని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

చివరిగా మీకు రెండు విన్నపాలు. పరిచయం కింద ధర, పేజీలు మాత్రమే కాక, బైండింగు ఏ రకం, నల్లగొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ ఎక్కడ దొరుకుతుంది అన్నది వేయండి. పరిచయం రాసేవాళ్లను కనీసం మూడు పేజీల నంబర్లు ఉదహరించమని అడగండి: ఒకటి బాగున్న ఘట్టం, ఒకటి చెడిన ఘట్టం, ఒకటి కాలమో పనో తప్పిన చోటు. రచయితలు నొచ్చుకుంటారన్న జంకు వద్దు. రెండో ముద్రణలో వాళ్లే దిద్దుకుంటారు. రెండో ముద్రణ ఆలస్యమైతే, ఒక చిన్న తప్పొప్పుల పట్టిక అచ్చు వేయించి మిగిలిన కాపీల్లో పెట్టి పంపొచ్చు, పాతకాలం పుస్తకాల్లో అట్లనే ఉండేది.

ఇట్లు,
ఒక నవలా పాఠకుడు
దేవరకొండ, నల్లగొండ జిల్లా